యుద్ధంలో పోయిన మన పెద్దలు, రాని పతకాలు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను ఉర్దూ మీడియం పంతులును. తెలుగులో మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినారు. కారణం కూడా చెప్పినారు. మన పిల్లల్లో చాలామందికి ఇప్పుడు ఉర్దూ లిపి చదవరాదు. పైగా ఈ సభకు మన ఇరుగుపొరుగు హిందూ సోదరులు కూడా వచ్చినారు. కనుక నా తెలుగులో తప్పులుంటే మన్నించండి. నేను చెప్పబోయే సంగతి కూడా ఒక్క మాటను తప్పుగా చదివినందువల్ల జరిగిన సంగతే.

మన సంఘంలోని ఎన్నో ఇండ్లలో ఒక రేకు పెట్టె ఉంటుంది. అందులో పాత కాగితాలు, ఒక ఫోటో, ఒకటో రెండో బిళ్లలు ఉంటాయి. "మా తాత జంగ్‌లో పనిచేసిండు, ఆయనకు తమ్గా రావాలె, సర్కారు ఇయ్యలేదు" అని ఇంట్లో చెప్పుకుంటుంటారు. గడచిన కొన్నేండ్లలో ఇటువంటి దరఖాస్తులు రాసిపెట్టమని నా దగ్గరకు పదిమందికి పైగా వచ్చినారు. ఉర్దూ పంతులు కదా, పాత కాగితం చదువగలడని నమ్మకం. అందులో మొదటి దరఖాస్తు మా ఇంటిదే. అది చెప్తే మిగిలినవన్నీ చెప్పినట్లే.

మా దాదాకు ఒక అన్న ఉండేవాడు. మాది మాదాపూర్, ఖానామెట్ పక్క. ఇప్పుడు అక్కడ అద్దాల మేడలు, పైన మెట్రో రైలు ఉన్నాయి. అప్పుడు బండలు, సీతాఫలం చెట్లు, జొన్న చేలు. ఆ పెద్ద దాదా నిజాం సర్కారు పటాలంలో సిపాయిగా చేరి, 1941లో మలయా దేశం పోయినాడు. మళ్లీ రాలేదు. ఆయన భార్యను మేము బడీ దాదీ అనేవాళ్లం. పిల్లలు లేరు. 1942లో కచేరీ నుండి ఒక ఉర్దూ కాగితం వచ్చింది. ఊళ్లో చదువు వచ్చినాయన ఒకరు దానిని చదివి, "ఇందులో మఫ్రూర్ అని రాసి ఉన్నది" అని చెప్పినాడు. మఫ్రూర్ అంటే పారిపోయినవాడు.

అంతే. ఆనాటి నుండి మాది భగోడా ఇల్లు. చెరువుకాడ నీళ్ల దగ్గర కొట్లాట వచ్చినా అదే మాట. మా ఫూఫీకి వచ్చిన ఒక సంబంధం ఆ మాట మీదనే తిరిగిపోయింది. బడీ దాదీ యాభై నాలుగేండ్లు బతికింది. తెల్లబట్ట కట్టలేదు, రంగుబట్టా కట్టలేదు. భర్త ఉన్నాడనాలెనో పోయినాడనాలెనో ఆమెకు ఎవరూ చెప్పలేదు. 1996లో ఆమె చనిపోయింది. అప్పటికి నేను బడిపిల్లవాడిని.

2009లో మా పాత మట్టి ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టడానికి ఇచ్చినప్పుడు అటక మీద రేకు పెట్టె దొరికింది. ఆ కాగితం నా చేతికి వచ్చింది. అది షికస్తా రాత. షికస్తా అంటే గబగబా విరిచి రాసే దఫ్తరు రాత. నుక్తాలు, అంటే చుక్కలు, సగం పెట్టరు. నేను దానిని మూడు రోజులు చూసినాను. మా బడిలో రిటైరైన పెద్ద మౌల్వీ సాహెబుకు కూడా చూపించినాను. ఇద్దరమూ విడివిడిగా చదివితే ఒకే మాట వచ్చింది. అది మఫ్రూర్ కాదు, మఫ్ఖూద్.

పిల్లలకు చెప్తున్నాను, వినండి. రెండు మాటలూ మీమ్, ఫే అక్షరాలతోనే మొదలవుతాయి. మఫ్రూర్‌లో తరువాత రే, వావ్, రే. మఫ్ఖూద్‌లో ఖాఫ్, వావ్, దాల్. షికస్తాలో ఖాఫ్ పైన రెండు చుక్కలు పెట్టకపోతే, దాల్‌ను రేలాగ కిందికి లాగితే, తెలియనివానికి ఒకటి మరొకటిగా కనిపిస్తుంది. కాని అర్థంలో భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. మఫ్ఖూద్ అంటే జాడ తెలియనివాడు. మన ఫిఖాలో ఇది పేరున్న మాట. భర్త మఫ్ఖూద్ అయితే భార్య ఎన్నేండ్లు ఎదురుచూడాలె, తరువాత ఆమెకు ఏమి హక్కు ఉన్నది అని ఉలమాలు వివరంగా రాసినారు. బ్రిటిషిండియాలో 1939లో వచ్చిన ముస్లిం వివాహరద్దు చట్టం కూడా నాలుగేండ్లు భర్త జాడ తెలియకపోతే భార్య కోర్టుకు పోవచ్చునన్నది. మా బడీ దాదీకి ఆ దారులన్నీ ఒక్క చుక్క లేనందువల్ల మూసుకుపోయినాయి. ఆ చదివినాయన మీద నాకు కోపం లేదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడి ఉంటాడు. ఆ సిగ్గు ఒక ఆడమనిషి బతుకంత ఖరీదైంది.

నేను ఈ సంగతి మా తాయాకు చెప్పినాను. ఆయన ఈ సభలోనే ముందు వరుసలో కూర్చున్నారు; వారి అనుమతితోనే చెప్తున్నాను. తాయా చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "భగోడా అన్న ఊరే సలాం కొట్టాలె. నువ్వు దరఖాస్తు రాయి. పరమవీర చక్ర అడుగు" అన్నారు. బడిలో ఆ మాట పడ్డవాడు ఆయన. ఆ కోపం న్యాయమైనదే. కాని పతకం కోపంతో రాదు కదా. ఏమి అడగవచ్చునో తెలుసుకోవడానికి నాకు కొన్నేండ్లు పట్టింది. తెలిసినంత మీకు మనవి చేస్తాను.

మొదటి సంగతి. సైన్యంలో ఇచ్చేవి రెండు రకాలు. ఒకటి సాహసానికి ఇచ్చేది. రెండవది యుద్ధంలో పనిచేసినందుకు ఇచ్చేది. సాహస పతకం అడిగితే వచ్చేది కాదు. ఆ రోజుల్లోనే పై అధికారి చూసి, సాక్షులతో సిఫార్సు రాసి పంపాలె. రెండవ రకం అట్లా కాదు; ఆ యుద్ధరంగంలో ఉన్నవారందరికీ హక్కుగా వచ్చేది. రెండవ ప్రపంచయుద్ధంలో భారతసైన్యం ఇరవై ఐదు లక్షలకు చేరింది. అందులో మలయాలో ఉన్నవానికి 1939-45 స్టార్, పసిఫిక్ స్టార్, వార్ మెడల్ వంటివి చెందుతాయి. చనిపోతే వారసులకు చెందుతాయి.

రెండవ సంగతి. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్రలను మన ప్రభుత్వం 1950 జనవరి 26న స్థాపించింది. అవి 1947 ఆగస్టు 15 నుండి వర్తిస్తాయి. 1948 జులైలో కాశ్మీరులో ఝంగర్ దగ్గర ప్రాణమిచ్చిన బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ గారికి మహావీర చక్ర, 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ దగ్గర జీపు మీది తోపుతో టాంకులను ఎదిరించిన హవల్దార్ అబ్దుల్ హమీద్ గారికి పరమవీర చక్ర మరణానంతరం వచ్చినాయి. మన నగరానికి చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య గారికి 1999 కార్గిల్ యుద్ధం తరువాత, సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు గారికి 2020 గల్వాన్ తరువాత మహావీర చక్ర వచ్చింది. కాని 1941లో పోయినవానికి ఈ చక్రాలు వర్తించవు. అది అన్యాయం కాదు, తేదీ సంగతి. బ్రిటిషువారి పద్ధతిలో కూడా మిలిటరీ క్రాస్, మిలిటరీ మెడల్ వంటివి చనిపోయినవారికి ఇచ్చే ఆచారం 1979 దాకా లేదు. ఐదేండ్లు దాటిన సాహసాన్ని తిరిగి విచారించరాదని వారు సాధారణంగా పాటించే నియమం ఇంకొకటి ఉన్నది.

అయితే పాత తలుపులు ఎక్కడా తెరుచుకోలేదా అంటే, తెరుచుకున్నాయి. అమెరికాలో రెండవ ప్రపంచయుద్ధంలో పోరాడిన నల్లజాతి సిపాయిలలో ఒక్కరికైనా అత్యున్నత పతకం రాలేదు. సైన్యమే పరిశోధన చేయించి, 1997 జనవరిలో ఏడుగురికి ఇచ్చింది. అప్పటికి బతికి ఉన్నది వెర్నన్ బేకర్ ఒక్కడే. ఆస్ట్రేలియాలో టెడ్డీ షీన్ అనే పద్దెనిమిదేండ్ల నావికుడు 1942 డిసెంబరు 1న మునిగిపోతున్న ఓడ మీద తుపాకి వదలకుండా ప్రాణమిచ్చినాడు. ఎన్నో దరఖాస్తులు, విచారణలు జరిగినాక 2020లో ఆయనకు విక్టోరియా క్రాస్ వచ్చింది. కాని గమనించండి, రెండుచోట్లా గెలిచింది కాగితం, సాక్ష్యం. ఇంట్లో చెప్పుకున్న కథ ఒక్కటే గెలవలేదు.

మూడవ సంగతి, నేను చేసిన పొరపాటు. పెద్ద దాదా "హైదరాబాద్ రెజిమెంటు" అని ఇంట్లో అనుకునేవాళ్లం. ఆ పేరుతోనే రాసి పంపినాను. ఏడు నెలలకు ఆ పేరుగల సిపాయి మా జాబితాలో లేడని జవాబు వచ్చింది. తాయాకు మళ్లీ మనసు విరిగింది. తరువాత తెలిసింది, తప్పు నాదేనని. 19వ హైదరాబాద్ రెజిమెంటు బ్రిటిషిండియా సైన్యంలోనిది. పేరు పాత నిజాం కంటింజెంటు నుండి వచ్చిందేగాని, అందులో ఎక్కువగా ఉత్తరాది కుమావోనీలు, జాట్లు, అహీర్లు ఉండేవారు. 1945లో దాని పేరు కుమావోన్ రెజిమెంటు అయింది. మావాడున్నది నిజాం ప్రభుత్వపు సొంత సైన్యంలోని మొదటి హైదరాబాద్ ఇన్ఫాంట్రీ. రెండూ వేరు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత నిజాం సైన్యాన్ని రద్దు చేసినారు. పటాలమే లేకుండా పోయింది గనుక, ఆ ఇండ్లకు ఫలానా రికార్డు ఆఫీసు అని చెప్పేవాడు కూడా లేకపోయినాడు. ఈ సభలోనూ ఆ పొరపాటు చేసినవారు ఉండవచ్చును. కనుక ముందుగా పటాలం పేరు సరిచూసుకోండి.

ఇప్పుడు ఆ పటాలం చరిత్ర. జపానువారు 1941 డిసెంబరు 8న అర్ధరాత్రి దాటినాక మలయా ఈశాన్య తీరాన కోటా భారు దగ్గర దిగినారు. పెర్ల్ హార్బరు మీద దాడి కంటే గంటకు పైగా ముందే ఇది జరిగింది. సముద్రపు ఒడ్డున డోగ్రా పటాలం ఉన్నది. వెనుక ఏరోడ్రోము కాపలాకు మన హైదరాబాద్ ఇన్ఫాంట్రీ ఉన్నది. ఆ సాయంత్రం శత్రువు గేటు దగ్గరకే వచ్చినాడన్న పుకారుతో గందరగోళమై ఏరోడ్రోము ఖాళీ అయింది. పటాలం కమాండరు లెఫ్టినెంట్ కర్నల్ హెండ్రిక్స్ చనిపోయినాడు. ఇంగ్లీషు పుస్తకాలలో ఈ పటాలాన్ని మెచ్చుకున్న మాటలు తక్కువ. కొన్ని కఠినమైన మాటలు కూడా ఉన్నాయి. వాటిని నేను తాయా దగ్గర దాచలేదు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. వేలాది భారత సిపాయిలు ఖైదీలైనారు. కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరినారు. చేరనివారిలో ఎందరినో న్యూగినీ దీవులకు కూలీలుగా తోలుకుపోయినారు. ఇరువైపులా ఆకలి, జబ్బు, చావు ఉన్నాయి. మన హైదరాబాదు బిడ్డ ఆబిద్ హసన్ సఫ్రానీ గారు నేతాజీతో 1943లో జలాంతర్గామిలో ప్రయాణం చేసినవారు. వారి పేరు అందరికీ తెలుసు. పేరు తెలియనివారి సంగతే నేను చెప్తున్నది.

2014లో మా తాయా మనుమడు, హైటెక్ సిటీలో కంప్యూటరు ఉద్యోగి, ఒక రాత్రి డ్యూటీలో విరామ సమయంలో కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థవారి జాబితా చూసినాడు. ఆ జాబితా ఎవరైనా ఉచితంగా చూడవచ్చును. ఇంగ్లీషులో మన పేర్లకు ఒక పద్ధతి లేదు. మహమ్మద్ అన్న ఒక్క పేరునే నాలుగు విధాలుగా రాస్తారు. వాడు అన్ని విధాలా వెతికినాడు. ఐదవసారి దొరికింది. సింగపూర్‌లో క్రాంజి అనే చోట, సమాధి తెలియని ఇరవై నాలుగు వేల మందికి పైగా పేర్లు చెక్కిన గోడలున్నాయి. ఆ గోడల మీద మా పెద్ద దాదా పేరు ఉన్నది; జాబితాలో తండ్రి పేరు, ఊరు కూడా ఉన్నాయి. చనిపోయిన తేదీ 1941 డిసెంబరులోనిది. కోటా భారు రోజులవే. అంటే కచేరీ కాగితం వచ్చేనాటికే ఆయన లేడు.

మాదాపూర్ బండల మీద లేచిన మేడలో కూర్చుని వాడు పది నిమిషాలలో చూసినదానిని, ఆ బండల పక్కన కూర్చుని బడీ దాదీ యాభై నాలుగేండ్లు ఎదురుచూసింది. సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. ఆమె రెండేండ్ల ముందే పోయింది.

ఇక్కడ ఒక పరీక్ష వచ్చింది. తాయా సంతోషంతో, "ఇప్పుడు రాయి. ఏరోడ్రోము విడువకుండా నిలబడి, ఇద్దరు జపానువాళ్లను చంపి షహీద్ అయిండని రాయి. సాక్షి సంతకం నేను తెప్పిస్తా" అన్నారు. నేను, "తాయా, మీరు చూసినారా? ఆ సంతకం పెట్టేవాడు చూసినాడా?" అన్నాను. "మరి పారిపోయిండని రాసినోడు చూసిండా?" అని ఆయన అడిగినారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అయినా నేను రాయలేదు. జాబితాలోని తేదీ ఆయన ఎప్పుడు పోయినాడో చెప్తుంది, ఎట్లా పోయినాడో చెప్పదు. గవాహీ దాచవద్దనీ, అబద్ధపు గవాహీ ఇవ్వవద్దనీ మన దీన్ నేర్పింది. ఒక అబద్ధపు చదువు వల్ల చెడిన ఇల్లు మాది. ఇంకొక అబద్ధపు రాతతో బాగుపడుతుందా? తాయా మూడు నెలలు నాతో మాట్లాడలేదు. ఈద్ నాడు వచ్చి కౌగిలించుకున్నారు. "ఉన్నదే రాయి" అన్నారు.

ఉన్నదే రాసినాము. యుద్ధసేవ పతకాల కొరకు మాత్రమే, సరైన పటాలం పేరుతో దరఖాస్తు పెట్టినాము. పాత జాబితా దొరకలేదని ఒక జవాబు వచ్చింది. మరొక చోటికి పంపుతున్నామని ఇంకొక జవాబు వచ్చింది. ఈనాటికీ పతకం రాలేదు. వస్తే అల్‌హందులిల్లాహ్, రాకపోతే కూడా అల్‌హందులిల్లాహ్. కాని ఆ సంవత్సరం ఒక జుమా నాడు నమాజు తరువాత, పాత మసీదులో ఇమాము సాహెబు అనుమతితో నేను ఆ కచేరీ కాగితాన్ని చదివినాను. ముందు ఉర్దూలో, తరువాత తెలుగులో. మఫ్ఖూద్ అన్న మాటను మూడుసార్లు చదివినాను. ఆ ఊరి పాతకాపుల ఇండ్లలోని ముసలివాళ్లు, హిందువులు కూడా, బయట అరుగు మీద కూర్చుని విన్నారు. అందులో ఒకాయన లేచి తాయా చేయి పట్టుకుని, "మా నాయన కూడా ఆ మాట అన్నోడే, మాఫ్ చేయి" అన్నాడు. మాకు ముట్టిన తమ్గా అదే.

ఇక సంఘ సభ్యులకు కొన్ని మనవులు.

ఒకటి. రేకు పెట్టె కాగితాలను నీళ్లతో తుడవవద్దు, ప్లాస్టిక్ లామినేషను చేయించవద్దు. ఫోటో తీసి పెట్టుకోండి.

రెండు. నిజాం కాలపు కాగితాల మీది తేదీ ఫస్లీ. మా కాగితం మీద ఖుర్దాద్ 1351 అని ఉన్నది. ఆ సంవత్సరం ఆజుర్ మాసంతో, అంటే అక్టోబరులో మొదలవుతుంది. మొదటి నెలలకు 590, జనవరి దాటినాక 591 కలపండి. ఖుర్దాద్ 1351 అంటే 1942 ఏప్రిల్ ప్రాంతం.

మూడు. బిళ్ల ఉంటే దాని అంచు చూడండి. మొదటి ప్రపంచయుద్ధపు పతకాల అంచున సిపాయి నంబరు, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. ఆ కాలపు వార్ మెడల్ వెండిది. మన పెద్దలు ఎందరో కరిగించి పిల్లలకు పట్టీలు చేయించినారు. కొన్ని జుమ్మేరాత్ బజారుకు చేరినాయి. మిగిలినవాటినైనా అమ్మకండి.

నాలుగు. నిజాం ప్రభుత్వపు కాగితాలు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో లక్షలాదిగా ఉన్నాయి. అవి ఉర్దూ, ఫార్సీ కాగితాలు. చదివేవారు తగ్గిపోతున్నారు. 1947 తరువాత పనిచేసినవారి సంగతికి పటాలం రికార్డు ఆఫీసుకు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి రాయండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉన్నది.

ఐదు. యుద్ధసేవ పతకంతో డబ్బు రాదు. "బర్మా స్టార్ తెప్పిస్తే లక్షలు వస్తాయి, ముందు ఖర్చులకు ఇయ్యండి" అనే దళారులు తిరుగుతున్నారు. వారిని గడప దాటనీయకండి.

ఆరు. ఇది నా స్వార్థం కూడా. ప్రతి ఇంట్లో ఒక్క పిల్లకైనా, పిల్లవానికైనా ఉర్దూ లిపి నేర్పండి. ఇంజనీరు కానీయండి, ఇంగ్లీషు చదవనీయండి, నేను వద్దనను. కాని దాదా పేరిట వచ్చిన కాగితం చదవడానికి ఇంకొకరి గడప తొక్కే గతి మనకు మళ్లీ రాకూడదు.

ప్రతి ఆదివారం అసర్ నమాజు తరువాత సంఘ కార్యాలయంలో నేను కూర్చుంటాను. మీ పెట్టెలు తెండి, చదివిపెడతాను. ఫీజు లేదు. చదవరాని మాట వస్తే చదవరాలేదనే చెప్తాను. అందుకు మాత్రం నొచ్చుకోవద్దు.

దూర దేశాల మట్టిలో, పేరులేని చోట్ల ఉన్న మన పెద్దలందరినీ, ఏ మతంవారైనా, అల్లాహ్ తన రహమత్‌లో ఉంచుగాక. మా బడీ దాదీకి ఆమె ఎదురుచూపుల ఫలం ప్రసాదించుగాక. ఆమీన్. సెలవు.